నాలుగు గొంతుల వందనం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనివారం దీపాలు పెట్టే వేళ ఏ ఊరి చర్చి పక్కనుంచి నడిచినా పాట వినపడుతుంది. పూర్తి పాట కాదు, ముక్క. పల్లవి సగం దాకా వచ్చి ఆగిపోతుంది. లోపల ఎవరో ఏదో అంటారు. కాసేపు నవ్వులు. హార్మోణియం మీద ఒక్క మెట్టు మోగుతుంది. మళ్లీ అదే సగం పల్లవి, ఈసారి నిదానంగా. మళ్లీ ఆగుతుంది. ఆదివారం ఉదయం ఇస్త్రీ బట్టల్లో వరుసగా నిలబడి యూత్ క్వయర్ పిల్లలు పాడే నిండు పాటను సంఘమంతా వింటుంది. నా మొదటి వందనం మాత్రం ఆగి ఆగి సాగే ఈ శనివారం పాటకే. యూత్ క్వయర్ నిజంగా ఉండేది ఇక్కడే, ఈ తప్పుల మధ్య, "మళ్లీ మొదటినుంచి" అనే ఆ మాట దగ్గర.

వచ్చేవాళ్లను చూడండి. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగి, జుట్టులో దూది నూగు దులుపుకుంటూ వచ్చే కుర్రాడు. ఇంటర్ రెండో సంవత్సరం రికార్డు బుక్కు సంచిలోనే ఉంచుకుని పరుగున వచ్చే పిల్ల. సెల్‌ఫోన్ షాపులో పొద్దుట్నుంచీ నిలబడే ఉండి, ఇక్కడా నిలబడే పాడేవాడు. మిరపకాయ కోతకు వెళ్లొచ్చి, వేళ్ల మంట చల్లారక కొబ్బరినూనె రాసుకుని, పుస్తకానికి మరక అంటకూడదని పేజీలు పక్కపిల్ల చేత తిప్పించుకునే అమ్మాయి. ఆ అమ్మాయి ఆల్టో. పైన సొప్రానోలు పాట నడకను పట్టుకుపోతారు. అడుగున బేస్ గొంతులు నిలకడగా ఉంటాయి. మగపిల్లల్లో పైగొంతు ఉన్నవాళ్లు టెనర్. ఆల్టో ఈ మధ్యలో ఎక్కడో, నాలుగైదు స్వరాల మేరలోనే తిరుగుతుంటుంది. విడిగా ఎవరి చెవికీ ఆనదు. మెచ్చుకునేవాళ్లు ఉండరు. ఆ వరుసను ఒక్కసారి ఆపించి పాడించి చూడండి, పాట ఎలా బోసిపోతుందో! వేళ్లు మండుతున్న ఆ పిల్లకు ఆ సంగతి తెలుసు. అందుకే ఒక్క శనివారం కూడా మానదు.

వీళ్ల ఒళ్లో ఉన్న పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఇంట్లో బైబిలు పక్కనే ఉంటుంది, అట్ట ఊడి, మూలలు మెత్తబడి. ఏ పేజీ తీసినా పాటకు పైన రాగం, తాళం అచ్చయి కనిపిస్తాయి. తోడి, ముఖారి, బిలహరి, శంకరాభరణం. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌధరి ఈ కీర్తనకారుల్లో పెద్దాయన. పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. కులాన్ని వదిలి వచ్చారు గాని, చిన్ననాటి నుంచి చెవిన పడ్డ సంగీతాన్ని వదల్లేదు, వెంట తెచ్చుకున్నారు. ఆ సంగీతం ఆ తర్వాత ఎవరి ఇళ్లకు వెళ్లిందో చూడాలి. 1876లో మొదలైన పెద్ద కరువు తీరీ తీరకముందే, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో చాలామంది మాదిగలు. ఊరికి దూరంగా, బావికి దూరంగా, బడికి దూరంగా బతికినవాళ్లు. వాళ్ల పిల్లలు సంగీతం చెప్పే గురువుగారి అరుగు ఎక్కడమనే మాట ఆ రోజుల్లో ఎవరి ఊహకూ అందదు. అలాంటి పల్లెల్లోకి తోడి రాగం నడిచి వెళ్లింది. ముఖారి వెళ్లింది. అక్షరం రాని అవ్వలు ఆ రాగం పేరేమిటో తెలియకుండానే అందులో ఏడ్చారు, అందులోనే మనవల్ని జోకొట్టారు.

రాగం శుద్ధంగా ఉందా, గమకం పలికిందా అని అడిగే పండితులు ఉంటారు. నా జవాబు ఒక్కటే. అది బతికింది. నాట్లు వేసే చేతుల మధ్య, కావలి గుడిసెల్లో, దాన్ని వినే హక్కు లేదన్న మనుషుల గొంతుల్లో బతికింది.

అంతకు ముందు ఈ పల్లెల్లో సంగీతం లేదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. డప్పు వాళ్లది. చిర్ర, సిటికెన పుల్ల చేతిలో పట్టుకున్న పదేళ్ల పిల్లవాడికి ఉండే లయజ్ఞానం చాలామంది విద్వాంసులకు ఏళ్ల సాధన మీద గాని రాదు. మతం మారిన తొలి తరం వాళ్లు జాతరల్లో డప్పు కొట్టబోమని తెగేసి చెప్పి, అందుకు దెబ్బలు కూడా తిన్నారు. ఆ తర్వాత చాలా చోట్ల డప్పు చర్చి వాకిలి దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు వస్తోంది. ఈస్టర్ తెల్లవారుజామున యూత్ కుర్రాళ్లు దాన్ని మంట మీద కాచి, చెవి దగ్గర పెట్టుకుని మోగించి చూసి, భుజాన వేసుకుంటుంటే, ఇంటి నుంచి వెళ్లగొట్టిన తాతను చేయిపట్టి తిరిగి తెస్తున్నారని నాకు అనిపిస్తుంది.

ఇలా తేవచ్చునని ముందే గ్రహించినవాళ్లు లేకపోలేదు. దోర్నకల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఉండేవారు. తిరునెల్వేలి సీమ తమిళుడు. 1912లో ఆంగ్లికన్ చర్చికి బిషప్పు అయిన మొదటి భారతీయుడు. తెలుగు నేర్చుకుని, పల్లెల వెంట తిరిగి, తెలుగు పాటనూ తెలుగు ఆటనూ ఆరాధనలోకి పిలిచారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. మసీదు పోలికా గుడి పోలికా కలిసిన కట్టడం అది. ఆ కప్పు కింద ఇంగ్లీషు పాట ఒక్కటే మోగితే బాగుండదని ఆ రాళ్లే చెబుతాయి.

ఇక నాలుగు గొంతుల విద్య. మన సంగీతం ఒక్క గొంతు వెంట నడిచేది. పదిమంది పాడినా ఒకే వరుస పాడతారు. ఒకే క్షణాన నలుగురు నాలుగు వేరు స్వరాలు పలికి, ఆ నాలుగూ కలిసి ఒకటిగా వినిపించే పద్ధతి సముద్రం దాటి వచ్చింది. అది పేద పిల్లల కోసం సులువు చేసిన రూపంలో రావడం మన అదృష్టం. ఇంగ్లండులో నార్విచ్ ఊళ్లో శారా గ్లోవర్ అనే పంతులమ్మ, పిల్లలకు గీతల మీద చుక్కల లిపి కష్టమని, అక్షరాలతో స్వరం రాసే దారి కనిపెట్టింది. జాన్ కర్వెన్ అనే పాదిరి 1840లలో దాన్ని సానబట్టి సండే స్కూళ్లలో ప్రచారం చేశాడు. అదే సోల్ఫా. మిషనరీలతో పాటు అది ఎన్నో దేశాలు తిరిగింది. మన ఊళ్లలో అది సులువుగా అతుక్కుపోవడానికి కారణం ఉంది. అందులో 'డో' ఎక్కడైనా నిలబడగలదు, మన షడ్జమం లాగే. ఏ శృతిలో మొదలుపెడితే అదే ఆధారం, తక్కినవన్నీ దానికి చుట్టాలు. మా క్వయర్ మాస్టారు బోర్డు మీద నాలుగు వరుసలు తెలుగు స్వరాక్షరాల్లోనే రాసేవారు. పై వరుస సొప్రానోకు, అడుగు వరుస బేస్‌కు. పడమటి మేళవింపు పూర్తిగా స రి గ మ ల్లోకి దిగి వచ్చి సుద్దముక్క పొడిగా మా మీద రాలేది.

మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవారు. సంగీతానికి డిగ్రీలు లేవు. తన చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో ఎవరో నేర్పితే నేర్చుకున్నారు, నేర్చుకున్నది దాచుకోలేదు. ఆయన దగ్గర నేను మొదట నేర్చుకున్నది పాడటం కాదు, ఊపిరి తీయడం. ఒక చరణం చివర స్వరాన్ని పన్నెండు అక్షరాల పాటు నిలపాలి. ఏ ఒక్కరి ఊపిరీ అంత దూరం రాదు. అందరం ఒక్కచోటే ఊపిరి పీలిస్తే పాట మధ్యలో గొయ్యి పడుతుంది. మాస్టారు వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరి భుజం తట్టి చెప్పేవారు: "నువ్వు ఇక్కడ పీల్చు. నువ్వు రెండు అక్షరాల తర్వాత. పక్కమ్మాయి పీల్చేటప్పుడు నువ్వు పీల్చకూడదమ్మా, నువ్వు పట్టుకోవాలి." పల్లకీ మోసే బోయీలు దారిలో ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకున్నట్టు, పల్లకీ మాత్రం ఆగకుండా సాగిపోయినట్టు, ఆ స్వరం సాగేది. విన్నవాళ్లు మాలో ఎవరికో చాలా పెద్ద ఊపిరి ఉందనుకునేవాళ్లు. అంత ఊపిరి ఎవరికీ లేదు, మా అందరికీ కలిపి ఉంది.

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఒక పరిశోధన ప్రకటించారు. 18 ఏళ్ల విద్యార్థుల చేత కలిసి పాడించి, గుండె వేగం కొలిచారు. పాట పదబంధాల వెంట ఊపిరి సాగుతుంది, ఊపిరి వెంట గుండె వేగం పెరిగి తగ్గుతుంది. అలా కలిసి పాడుతున్న పిల్లల గుండెలు కలిసి వేగమై కలిసి నెమ్మదించాయి. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆనందం కలిగింది, మాస్టారి పేరు ఎక్కడో దూరదేశంలో ఎవరో మర్యాదగా తలచుకున్నంత ఆనందం.

ఇప్పుడు గొంతు విరిగే పిల్లవాడి సంగతి చెప్పాలి. సండే స్కూల్లో ఉన్నప్పుడు వాడే ముందు వరుస. క్రిస్మస్‌కు ఒంటరి పాట వాడిదే. పదమూడో, పద్నాలుగో ఏడు వచ్చేసరికి స్వరపేటిక పెరుగుతుంది, అందులోని తంతులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దిగేది మెట్లమీద దిగినట్టు కాదు. నిన్న పలికిన స్వరం ఇవాళ పలకదు. పై షడ్జమం కోసం నోరు తెరిస్తే కీచుమని ఇంకేదో వస్తుంది. ఆడపిల్లలు కిసుక్కుమంటారు. ఆ వయసులో ఆ నవ్వు చాలా లోతుకు దిగుతుంది. మరుసటి శనివారం వాడు రాడు. ఇలా మానేసి మళ్లీ జన్మలో నోరు విప్పి పాడని మగవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో!

మాస్టారు ఆ రాత్రే వాళ్లింటికి వెళ్లేవారు. సైకిలు గోడకు చేర్చి, గుమ్మంలో కూర్చుని, వాళ్లమ్మ ఇచ్చిన టీ తాగుతూ, పాట ఊసెత్తకుండా కాసేపు స్కూలు సంగతులు మాట్లాడేవారు. లేచేముందు అనేవారు: "ఒరేయ్, నాకు బేస్‌లో మనిషి కావాలిరా. నీకు కింద రెండు స్వరాలు కొత్తగా వచ్చాయి, చూసుకున్నావా?" పోయిన స్వరాల గురించి ఒక్క మాట లేదు. వచ్చిన వాటి గురించే. వాడు వచ్చేవాడు. బేస్ వరుస చివర, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన తాతగారి పక్కన నిలబడేవాడు. యూత్ క్వయర్‌లో తాతగారేమిటని అడగకండి. ఆ ఊళ్లో అడుగు షడ్జమం ఆయన గొంతులో ఉంది, దాన్ని పిల్లలకు అప్పజెప్పే దాకా ఆయన యూతే. ఆయన పాడుతుంటే ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడమనేవారు పిల్లల్ని. చేతికి అదురు తగిలేది. "ఇక్కణ్నుంచి రావాలి, ముక్కులోంచి కాదు" అనేవారు. అంతకుమించిన పాఠం చెప్పగా నేను వినలేదు.

మాస్టారిని ఇంత పొగిడి అక్కను మరచిపోతే ఆ పొగడ్త చెల్లదు. అక్క గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి, రెండు గంటలు పడుకుని, ఆదివారం ఎనిమిదింటికల్లా ఆడపిల్లల చీర కుచ్చిళ్లు సర్దుతూ కనిపించేది. సొప్రానోలనూ ఆల్టోలనూ ఆమే తయారుచేసేది. తోడుగా ఇంకో పని కూడా చేసేది, దాని గురించి ఏ సంఘ నివేదికలోనూ రాయరు. పెళ్లీడుకొచ్చిన పిల్లను సాయంత్రం పూట మగపిల్లలున్నచోటికి పాట పేరుతో పంపడానికి ఏ తల్లికైనా మనసొప్పదు. అక్క ఇల్లిల్లూ తిరిగేది. "పిన్నీ, నాతో వస్తుంది, నాతోనే తిరిగొస్తుంది." ఆ మాటను ఏళ్ల తరబడి నిలబెట్టుకుంది. డిసెంబరులో కేరోల్స్ తిరిగే రాత్రులు చూడాలి. వెదురు బద్దలకు రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన స్టార్ ముందు నడుస్తుంది. వెనక ట్రక్కులో కీబోర్డూ, డోలకూ, జనరేటరూ. ప్రతి మలుపులోనూ అక్క పిల్లల్ని తలలు తడిమి లెక్కపెడుతుంది. ఒక్కో ఇంటి ముందు ఒక పాట. ఇంటివాళ్లు బూందీ, కారప్పూస, పొగలు కక్కే టీ ఇస్తారు. క్రైస్తవులు కాని ఇళ్లవాళ్లు కూడా వాకిట్లో కుర్చీలు వేసి "మా ముందు కూడా ఒకటి పాడండమ్మా" అని పిలుస్తారు. తెల్లారుజామున మూడింటికి ఒక్కొక్క పిల్లనూ గడప లోపలికి చేర్చి, ఆఖరున తన ఇంటికి తాను ఒక్కతే నడిచి వెళ్లేది అక్క. ఆ నడకకు నేను చేతులెత్తి మొక్కుతాను.

జీతం? లేదు. క్రిస్మస్‌కు సంఘం పెద్దలు కప్పే శాలువా ఒకటి. హార్మోణియం తోలుతిత్తి చినిగితే బాగుచేయించేది మాస్టారి జేబులోంచే. కొత్త మైకు అడిగితే ముందు ప్రహరీ గోడ కట్టుకోవాలి కదా అన్న పెద్దలు ఉండేవారు. మైకు లేకుండానే వినబడేలా పాడించారు. ఇప్పటి క్వయర్ల మీద నాకొక బెంగ ఉంది, అది కూడా చెప్పేస్తాను. యూట్యూబులోంచి ట్రాక్ దింపుకుని, దాని మీద పాడటం చాలా చోట్ల అలవాటైంది. కొత్త పాటలు రావాలి, ప్యాడ్స్ రావాలి, పిల్లలకు నచ్చిన దరువు రావాలి. ఇందులో నాకు పేచీ లేదు. ట్రాక్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. మాట తడబడిన పిల్ల కోసం, గొంతు విరిగిన పిల్లవాడి కోసం ఆగి, శృతి ఒక మెట్టు దించి, మళ్లీ పట్టుకోవడం మనిషికే చేతనవుతుంది.

యూత్ క్వయర్ బలం క్రిస్మస్ రోజున కన్నా భూస్థాపన రోజున ఎక్కువ తెలుస్తుంది. సంఘంలో ఎవరు పోయినా క్వయర్ రావాలి. ధనవంతుడికి ఒక పాట, బండి లాగినవాడికి ఒక పాట అని ఉండదు. ఎండలో సమాధుల తోట దాకా నడిచి వెళ్తారు. మరునాడు పరీక్ష ఉన్న పిల్ల కూడా వస్తుంది. పెట్టె దించి, మన్ను పోసేటప్పుడు పాట ఆగకూడదు. మొదటి పిడికెడు మన్ను పెట్టె మూత మీద పడ్డ చప్పుడుకు ఆ ఇంటి కూతురు కేక వేస్తుంది, ఆ కేకకు పాడే పిల్లల గొంతులు కూడా పూడుకుపోతాయి. చనిపోయినవాడు వాళ్లకు మామయ్యో, బాబాయో, నిన్నటి దాకా సోడా కొట్టు మీద పిలిచి పలకరించినవాడో అయ్యుంటాడు. అక్క దీనికి కూడా ముందే నేర్పి ఉంచేది. "ఏడుపు వస్తే దాన్ని పాటలోకి నెట్టకు. ఆగిపో. పక్కవాళ్లకు వదిలెయ్. నీకు తేరుకోగానే మళ్లీ అందుకో." ఊపిరి కోసం నేర్చుకున్న విద్యే అది. ఒకరు ఆగితే ఇంకొకరు, వాళ్లాగితే మరొకరు. కుటుంబం వైపు మాత్రం పాట తెగకుండా వెళ్లేది. ముఖారి రాగం ఎందుకు పుట్టిందో నాకు ఆ తోటలో, పాదాల కింద ఎర్రమన్ను కాలుతుండగా అర్థమైంది.

తెగించిన ఏడు కూడా ఒకటుంది. మాస్టారు హేండెల్ 'మెస్సయ్య' లోని హల్లెలూయ కోరస్ పట్టిస్తానన్నారు. వేసవి నుంచి డిసెంబరు దాకా సాధన. ఇంగ్లీషు మాటలను పిల్లలు తెలుగు లిపిలో రాసుకున్నారు. నాలుగు గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చే చోట మొదట్లో అందరం దారితప్పి ఎదురెదురు పడ్డాం. విసిగి కూర్చున్న ఒక సాయంత్రం మాస్టారు మాకు ఆ పాట మొదటి రోజు గురించి చెప్పారు. 1742 ఏప్రిల్ 13, డబ్లిన్ నగరం. జనం ఎక్కువమంది పట్టాలని, ఆడవాళ్లను వలయాల గౌన్లు లేకుండా, మగవాళ్లను కత్తులు లేకుండా రమ్మని ముందే కోరారు. పాడింది ఆ ఊరి రెండు కెథెడ్రళ్ల క్వయర్లు. వచ్చిన సొమ్ములో తమ వాటా తాము తీసుకోకుండా, రెండు ఆస్పత్రులకూ, అప్పు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్లకూ పంచారు. ఆ డబ్బుతో 142 మంది బాకీదారులు విడుదలయ్యారు. అది చెప్పి మాస్టారు ఊరుకున్నారు. మాలో సగంమంది ఇళ్లలో మిర్చి పెట్టుబడి అప్పులున్నాయి. వడ్డీ కోసం వాకిట్లోకొచ్చి నిలబడే మనిషి కేకలు ఎలా ఉంటాయో ఆ బెంచీల మీదున్న పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రం తర్వాత ఆ పాటను మేము పాడిన తీరు మారింది. క్రిస్మస్ రోజున ఆ కోరస్‌కు, చాలా చోట్ల ఉన్న ఆనవాయితీ ప్రకారం, సంఘమంతా లేచి నిలబడింది. చేతికర్ర మీద ఆనుకుని లేచిన అవ్వకు అందులో ఒకే ఒక్క మాట వచ్చు. ఆ మాట వచ్చినప్పుడల్లా మాతో కలిసి అంది. సరిగ్గా లయలో అంది.

మాస్టారూ, మీకు తెలియని సంగతి కాదిది. మీరు కట్టే క్వయర్ నిలవదు. నాలుగు గొంతులు సరిగ్గా కుదిరిన ఏడాదే టెనర్‌లో ఇద్దరు హైదరాబాదు ఉద్యోగాలకు వెళ్తారు. నర్సింగ్ పూర్తయిన ఆల్టో పిల్ల కువైట్ విమానం ఎక్కుతుంది. సొప్రానోకు పెళ్లయి నంద్యాల వెళ్తుంది. ఇంకొకడు బెంగళూరు, ఇంకొకడు ఐర్లండు. జనవరి వచ్చేసరికి బెంచీల మీద ఖాళీలు. మీరు మళ్లీ సండే స్కూలు గదిలోకి వెళ్లి, కొత్త గొంతుల కోసం చెవి పెడతారు. శిల్పికి చెక్కిన రాయి మిగులుతుంది, కవికి పుస్తకం మిగులుతుంది. మీ పనితనం మాత్రం బస్సెక్కి, రైలెక్కి, ఓడరేవులూ విమానాశ్రయాలూ దాటి, పరాయి ఊళ్ల అద్దెగదుల్లో గిన్నెలు కడుగుతూ ఎవరో తీసే ఆల్టో వరుసలో ఉంటుంది. ఆల్టో ఒక్కటే వింటే అది ఏ పాటో ఎవరికీ తెలియదు. తీసే మనిషికి మాత్రం తక్కిన మూడు గొంతులూ వినపడుతూనే ఉంటాయి.

వెళ్లినవాళ్లు డిసెంబరులో తిరిగి వస్తారు. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం ఆఖరి ప్రాక్టీసుకు చర్చి వరండా చెప్పులతో నిండిపోతుంది. చంటిపిల్లను చంకనేసుకున్న నిరుటి సొప్రానో, గడ్డం పెంచిన టెనర్, సూట్‌కేసు ఇంట్లో పెట్టకుండానే తిన్నగా ఇక్కడికొచ్చినవాడు. బెంచీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చుంటారు. పలకరింపులతో కప్పు ఎగిరిపోతుంటుంది. మాస్టారు హార్మోణియం మీద శృతి పట్టి ఎవరివైపూ చూడకుండా మొదలుపెడతారు. నిరుటికీ ఇప్పటికీ మధ్య ఒక చరణం మారింది. గడ్డం కుర్రాడు, బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేస్తున్నవాడు, ధీమాగా పాత వరుసే ఎత్తుకుని, నలుగురిలో ఒక్కడే తప్పుతాడు. మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఆపుతారు.

"పక్కనున్న తమ్ముణ్ని అడుగు. వాడికొచ్చు."

పక్కనున్నది పదో తరగతి పిల్లవాడు, ఆ ఏడే గొంతు స్థిరపడినవాడు. అన్నయ్య తల వంచి వాడి పుస్తకంలోకి చూస్తాడు. పిల్లవాడు వేలు పెట్టి చూపిస్తాడు: "ఇక్కణ్నుంచి అన్నయ్యా. గాంధారం మీద ఆగకూడదు, దిగిపోవాలి."